ఈత కొలను కోసం రాసిన అర్జీ

సర్కారు ఈత కొలనుని ప్రైవేటు వాళ్ళకి లీజుకి ఇమ్మని అర్జీ రాసింది నేనే. ముప్పయ్యేళ్ళు తెలుగు టీచరుగా చేసినందుకు నాకు మిగిలిన గొప్ప అదొక్కటే. మా గుణదల వైపు ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా గుమ్మం తొక్కుతారు, నేనూ మురిసిపోయి రాసిపెడతాను.

అప్పట్లో ఆ కొలను చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండేది. మోటారు చెడిపోయి నెలలైంది. నీళ్ళు పాచి పట్టాయి. గట్టు మీది పలకలు పగిలి కాళ్ళు కోసుకునేవి. బట్టలు మార్చుకునే గదికి గడియ లేదు; ఒకరు మార్చుకుంటుంటే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి. అయినా రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు అది మాది. ఆ గంట ఆడవాళ్ళకే. మగ సిబ్బంది బయటికి వెళ్ళిపోతే ఆయా లోపలి నుంచి గేటుకి తాళం వేసి స్టూలు మీద కూర్చునేది. నైటీలతో దిగేవాళ్ళు, పాత చుడీదార్లతో దిగేవాళ్ళు, ఎవరిష్టం వాళ్ళది.

ఆ గంట కోసమే వచ్చేది ఆపా. మా ఇంటికి రెండు వీధుల అవతల జాకెట్లు కుట్టే ముస్లిం ఆవిడ. వాళ్ళ ఇళ్ళల్లో అక్కని పిలిచినట్టే నేనూ ఆపా అనేదాన్ని. ఆవిడకి తుంటి కీళ్ళు అరిగిపోయాయి. ఆపరేషనుకి గుండె తట్టుకోదట. రోజూ నీళ్ళలో నడిస్తేనే కాళ్ళు నిలుస్తాయని, మానేస్తే మంచమేనని డాక్టరు మొహం మీదే చెప్పాడు. బురఖా మేకుకి తగిలించి, నిండు చేతుల చుడీదారుతో, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగేది. దిగాక నా చెయ్యి కూడా అక్కర్లేదు. ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కతే నడిచేది.

"నీళ్ళల్లో నా కాళ్ళు నా మాట ఇంటాయండీ టీచర్ గారూ" అని నవ్వేది.

అర్జీ ఆలోచన పొద్దుటి బ్యాచి మగవాళ్ళది. బాగుచేయడం చేతకాకపోతే చేతనైనవాళ్ళకి అప్పగించమని రాయమన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఇప్పటికీ అందులో తప్పుందని అనను. సర్కారు చేతిలో ఉన్నంత మాత్రాన పాచి నీళ్ళు తీర్థం అయిపోవు. సంతకానికి ఆపా ఇంటికి కాగితం పట్టుకెళ్తే ఆవిడ కుట్టు ఆపి ఒకటే అడిగింది.

"ఆడోళ్ళ టైము అట్టాగే ఉంటదిగా?"

ఆ మాట చేరుస్తానని వెళ్ళి మగవాళ్ళతో అన్నాను. వాళ్ళలో రిటైరైన ఆఫీసరు ఒకాయన ఉన్నారు. "షరతులు పెడితే ఎవరూ ముందుకి రారండీ. అయ్యన్నీ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. సరేనన్నాను. మళ్ళీ వెళ్ళి ఆపాతో మాత్రం, "ఎందుకుండదు, ఎప్పటి నుంచో ఉన్నదేగా" అన్నాను. ఆవిడ సంతకం చేసింది.

అర్జీ అందుకున్న సర్కారు ఆఫీసు వాళ్ళూ ఆ కొలనుని ఎలా వదిలించుకుందామా అని చూస్తున్నట్టున్నారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఏడాది తిరక్కుండానే కొత్త పలకలు, కొత్త మోటారు, గేటు దగ్గర గాజు గది వచ్చాయి. ఆడవాళ్ళ గంట పోయింది. ఏ వేళలోనైనా ఆడా మగా కలిసే దిగాలి, నైలాను ఈత దుస్తులే వేసుకోవాలి. మొదటి రోజు నాతో వచ్చిన ఆపాకి, "కాటన్ బట్టలతో దిగకూడదమ్మా, ఫిల్టర్లు పాడవుతాయి" అని చెప్పింది కౌంటర్లో అమ్మాయి. ఆపా లోపలికి తొంగి చూసింది. నీళ్ళ నిండా మగపిల్లలు. కర్ర పట్టుకుని వెనక్కి తిరిగి ఆటో ఎక్కింది.

నేను మేనేజరుతో పోట్లాడాను. పాపం, మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"లీజు కాగితాల్లో ఆడవాళ్ళ టైమని ఎక్కడా లేదు మేడమ్. మీ అర్జీ కూడా మా ఫైల్లో ఉంది. అందులోనూ లేదండీ."

నా చేతిరాతే. దాన్ని నా ముందు పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసుకి వెళ్తే, ఇక తమ చేతుల్లో లేదన్నారు. రెండుసార్లు తిరిగాను. మూడోసారి వెళ్ళలేదు.

అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. నైలాను దుస్తులు కొనుక్కుని ఈతకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆపాతో మాత్రం నేనూ మానేశానని చెప్పాను. ఆ వానాకాలంలో ఆవిడ కర్ర నుంచి వాకరుకి వచ్చింది. కుట్టుమిషను తొక్కలేక అమ్మేసింది. క్రిస్మస్‌కి కేకు తీసుకెళ్ళేసరికి మంచం మీద ఉంది.

పోయిన వారం కొలను నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. పక్కన కూర్చుంటే ఆపా నా జడ చివర పట్టుకుని వాసన చూసింది. క్లోరిన్ వాసన దాచితే దాగేది కాదు. తిడితే బాగుండుననిపించింది.

"మీరు మానొద్దండీ టీచర్ గారూ. మీ కాళ్ళయినా నిలబడాలిగా" అంది.

అంతలో కోడలు దుప్పటి మార్చడానికి వచ్చి, అత్తగారిని పక్కకి తిప్పాలి, కాస్త సాయం పట్టమంది. రోజూ ఈదిన చేతులు నావి. భుజాల కింద చేతులు వేసి చాలా తేలిగ్గా తిప్పేశాను.