రఫీ నొక్కింది ఒట్టి ఎంటరే

ఈ బరువు ఎత్తుకుని ఏళ్లు గడిచాయి. మోయడం అలవాటైపోయింది కూడా. తింటున్నాను, నిద్రపోతున్నాను, ప్రమోషన్లు తీసుకున్నాను. అలవాటైన బరువు ఇక బరువు కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పోయిన నెల దాకా ఆ మాట నమ్మాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. చెప్పడానికి అదే వీలుగా ఉంది. పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

నేను ఇంజనీరుని. మంచి ఇంజనీరుని. గొప్పకి చెప్పడం లేదు, ఇది తెలియకపోతే మిగతాది మీకు అర్థం కాదు. చేతకానివాళ్లు చేసిన తప్పుని లోకం జాలితో వదిలేస్తుంది. నాకు ఆ సౌకర్యం లేదు.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక వీధిలో మా చిన్న కంపెనీ. రొయ్యల చెరువుల్లో నీళ్లని చిలికి గాలి కలిపే చక్రాలుంటాయి చూడండి, ఏరియేటర్లు, వాటిని నడిపే బోర్డులు తయారు చేస్తాం. బోర్డు చెరువు గట్టు మీద ఒక పెట్టెలో ఉంటుంది. అది మొరాయిస్తే లోపల ఏం జరుగుతోందో కనిపెట్టడానికి మావాళ్ల దగ్గర ఇంకో చిన్న డబ్బా ఉంటుంది. అరచేతిలో పడుతుంది. ఒక తెర, కొన్ని మీటలు, ఒక కేబుల్. కేబుల్ బోర్డుకి తగిలించి, కమాండ్ టైప్ చేసి ఎంటర్ నొక్కితే బోర్డు జవాబు చెబుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో అడగొచ్చు. మోటారు ఎంత కరెంటు లాగుతోందో అడగొచ్చు. స్పిన్ అని కొడితే చక్రం కాసేపు తిరిగి దానంతటదే ఆగుతుంది, మోటారు బాగుందో లేదో తెలిసిపోతుంది. ఏ కమాండ్ ఎలా ఉండాలి, ఏది కొడితే ఏం జరగాలి అన్నదంతా నా డిజైనే.

ఆ పని నా చేతికి రావడానికి నేను చాలా పోట్లాడాను. మా కంపెనీ షెడ్డులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఓనరు గారికి నా మీద కోపం లేదు, నమ్మకమూ లేదు. బిల్లింగ్ చూసుకో అమ్మా, ఇవన్నీ ఎందుకు అనేవారు. అలాంటి మనిషి నా డబ్బా చూశాక వచ్చినవాళ్లందరికీ తీసి చూపించడం మొదలుపెట్టారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

నిజంగానే బాగా చేశాను. గట్టు మీద పనిచేసేవాడి పరిస్థితి ఆలోచించి చేశాను. ఒక చేతికి బురద, నెత్తిన ఎండ. ప్రతిసారీ అక్షరాలు వెతికి కొట్టమంటే విసుగు. అందుకని ఏమీ టైప్ చెయ్యకుండా ఒట్టి ఎంటర్ నొక్కితే, అంతకుముందు కొట్టిన కమాండే మళ్లీ నడిచేలా పెట్టాను. ఆక్సిజన్ ఒక్కసారి అడిగితే చాలు, తర్వాత ఎంటర్ నొక్కుతూ చూసుకోవచ్చు. గట్టు మీద కేబుల్ మాటిమాటికీ ఊడుతుంది కదా, ఊడినా ఆ చివరి కమాండ్ మరిచిపోకుండా డబ్బా గుర్తుపెట్టుకునేలా చేశాను. రెండూ సుఖమిచ్చేవే. రెండూ కలిస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్న నాకు అప్పుడే వచ్చింది. అక్కడే నన్ను నేను వదలలేకపోతున్నాను. చివరి కమాండ్ స్పిన్ అయితే ఒట్టి ఎంటర్‌కి చక్రం తిరుగుతుంది కదా అనిపించింది, దానికి అడ్డం పెట్టాలనుకున్నాను, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. చిన్న పని. మర్చిపోయానా, బద్ధకించానా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

రఫీ మా ఫీల్డ్ టెక్నీషియన్. అతనికి, నిజానికి మా టెక్నీషియన్లందరికీ, ఒక అలవాటుండేది. కేబుల్ తగిలించగానే ఎంటర్ మీద రెండు దెబ్బలు వేసేవారు. లైను వచ్చిందో లేదో చూసుకోవడానికి. లోపలికి అడుగుపెట్టే ముందు తలుపు తట్టినట్టు. రోజూ నా కళ్లముందే తట్టేవారు. నేను చూసేదాన్ని, నవ్వుకునేదాన్ని. నా డిజైన్‌కీ ఆ అలవాటుకీ ముడిపెట్టి మాత్రం చూడలేదు.

రఫీకి తోడుగా వెళ్లే ఫిట్టరు నాగరాజు. నేతపని చేసుకునే కుటుంబం, ఇంట్లో మగ్గం ఉంది, సెలవు రోజుల్లో మగ్గం మీద కూర్చునేవాడు. ఇద్దరూ ఒకే బండి మీద వచ్చేవారు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే ఆ బండి మీద నుంచి వాళ్ల వాదులాట పక్క ఆటోలో ఉన్న నాకు వినిపించేది. ఎవరింటి బిర్యానీ గొప్పదని, ఏ టీ కొట్టు మేలని.

ఆ రోజు కైకలూరు వైపు ఒక చెరువు దగ్గర రఫీ స్పిన్ కొట్టి చక్రం చూశాడు. బరువుగా తిరిగి ఆగింది. రెక్కలకి తాడేదో చుట్టుకుందని తేల్చి కేబుల్ తీసేశాడు. నాగరాజు నీళ్లలోకి దిగి తాడు విప్పుతున్నాడు. మెయిన్ స్విచ్ ఆపకుండా దిగడం పద్ధతి కాదు, నిజమే. కానీ మెయిన్ ఆపితే బోర్డూ ఆగుతుంది, రీడింగ్ రాదు. ఒట్టి ఎంటర్‌కి రీడింగులే మళ్లీ వస్తాయి, టైప్ చేస్తే తప్ప చక్రం తిరగదని, అంటే నా మీద నమ్మకంతో, అందరూ అలాగే దిగేవారు. ఈలోగా ఆక్సిజన్ చూద్దామని రఫీ కేబుల్ మళ్లీ తగిలించి, అలవాటుగా ఎంటర్ తట్టాడు. చక్రం తిరిగింది.

నాగరాజు కుడిచేతి రెండు వేళ్లు నలిగిపోయాయి. వేళ్లు నిలిచాయి కానీ మళ్లీ వంగలేదు. మగ్గం మీద ఆ చెయ్యి ఇక ఆడలేదు.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, షెడ్డులో బల్ల మీద మోటారుకి డబ్బా తగిలించాను. స్పిన్ కొట్టాను. కేబుల్ తీసి మళ్లీ పెట్టాను. ఒట్టి ఎంటర్ నొక్కాను. మోటారు తిరిగింది. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఓనరు గారు తన గదిలోకి మమ్మల్ని పిలిచేసరికి నాకు అంతా తెలుసు.

"మేడం, నేను స్పిన్ కొట్టలేదండీ. కేబుల్ పెట్టి ఒట్టి ఎంటర్ నొక్కానంతే. లైనుందో లేదో చూద్దామని," అన్నాడు రఫీ.

ఓనరు గారు నా వైపు తిరిగారు. "ఒట్టి ఎంటర్‌కే మోటార్ తిరుగుద్దా అమ్మా?"

"తిరగదండీ," అన్నాను. "టైప్ చేస్తేనే తిరుగుతుంది."

గొంతు వణకలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. రఫీ నా మొహంలోకి చూశాడు. అనుమానంగా కాదు. తెలిసినవాళ్లని అడిగి తెలుసుకునేటప్పుడు చూసే చూపు.

"మేడం చెప్పారంటే అంతేనండీ," అన్నాడు. "నేనే కొట్టుంటాను."

ఎందుకన్నాను ఆ మాట? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు, నాలాంటి మనిషి ఆయనకి మళ్లీ దొరకదు, అది నాకు తెలుసు. అందుకే చెప్పానుగా, బిల్లింగ్ చూసుకోమన్నానుగా అని ఆయన అనకపోయినా ఆయన కళ్లు అంటాయని భయపడ్డాను. ఆ చూపు తప్పించుకోవడానికి ఇంకొక మనిషిని అడ్డం పెట్టుకున్నాను. ఇంతకంటే మర్యాదైన కారణం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు డబ్బాని సరిచేశాను. ఒట్టి ఎంటర్‌కి ఇక రీడింగులు మాత్రమే వస్తాయి. చక్రం తిప్పాలంటే అడిగి, అవునంటేనే తిప్పుతుంది. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు. ఎవరైనా ఎంటర్ అన్న మాట ఎత్తితే మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

రఫీని ఫీల్డ్ నుంచి తీసేసి షెడ్డులో సోల్డరింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాగరాజు గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టులో చేరాడు. రఫీని తిట్టలేదు, గొడవపడలేదు. మాట్లాడటం మానేశాడు. రఫీ బండి మీద ఒక్కడే వస్తుంటే నేను ఆటోలోంచి చూసి మొహం తిప్పుకునేదాన్ని.

పోయిన నెల కొత్తగా చేరినవాళ్లకి జాగ్రత్తలు చెప్పమని రఫీని అడిగారు. నేను వెనక కుర్చీలో ఉన్నాను. అతను తన కథే చెప్పాడు. మనసు ఎక్కడో పెట్టుకుని స్పిన్ అని కొట్టేశానన్నాడు. ఒక్కో అక్షరం కొట్టడం తనకి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుందన్నాడు. మొదటి అక్షరం దగ్గరే వేలు ఆగి ఉంటే బాగుండేదన్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, తనలాంటివాళ్ల కోసమే మేడం ఆలోచించి దీనికి అడ్డం పెట్టారని చెప్పాడు. అందరూ నా వైపు తిరిగి చూశారు.

అతను అబద్ధం చెప్పడం లేదు. జరగనిది అతనికి నిజంగానే గుర్తుంది. నేనన్న ఒక్క మాటని నమ్మి, దానికి తగ్గట్టు తన జ్ఞాపకాన్నే తిరగరాసుకున్నాడు. పని పోగొట్టాననీ, స్నేహం పోగొట్టాననీ ఇన్నాళ్లూ లెక్కేసుకున్నాను. నేను పోగొట్టింది అతనికి తన మీద ఉన్న నమ్మకాన్ని. ఏడుపొచ్చింది. అక్కడ ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించింది.

నిన్న మధ్యాహ్నం అతని బల్ల దగ్గరికి వెళ్లి చెప్పాను. మొత్తం. ప్రమాదం జరిగిన మర్నాడు పొద్దున్నే మోటారు తిప్పి చూసిన సంగతి కూడా. మధ్యలో ఎక్కడా ఆగలేదు, సాకులు చెప్పలేదు. రఫీ సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి, స్విచ్ ఆపేసి, తన కుడిచెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. చాలాసేపు ఆ చేతినే చూశాడు.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. తిట్టినా బాగుండేదని ఒక్క క్షణం అనుకున్నాను, అదీ నా సుఖం కోసమేనని తెలిసి సిగ్గుపడ్డాను. ఓనరు గారికి నేనే చెబుతానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ముందు నాగరాజుకి చెప్పండి మేడం. నేను చెబితే నమ్మడు."

రేపు కొట్టు తెరిచే వేళకి గవర్నర్‌పేట వెళ్తున్నాను. అతను ఏమంటాడో తెలియదు. వంగని ఆ వేళ్లని చూస్తూ చెప్పాలి. చెబుతాను, నాకు భయం లేదు. నిన్న రఫీ ముందు మొదటిసారి పైకి అన్నాక ఆ మాట నా గొంతుకి అడ్డం పడటం మానేసింది.