మా వాకిట్లో బండి ఱ

దయ్యాలను నేను నమ్మను. పెళ్ళికి ముందు ఇదే మాట అనేదాన్ని, ఇప్పుడు మనవల దగ్గరా ఇదే అంటున్నాను. మా పుట్టింటి వీధిలో ఏ ఆడదానికి ఒంట్లో బాగోకపోయినా గాలి సోకిందనేవారు. నేను చూసినంతవరకు వాళ్ళకు సోకింది ఎక్కువసార్లు ఎండ, మిగతాసార్లు అత్తగారు.

అలాంటి నేను ఈ సంగతి చెబితే మావాళ్ళే ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, నా సొంతం ఒక్క ముక్క కలపను.

అప్పటికి రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన పడలేదు. మా అత్తవారిది మండపేట పక్కన పల్లెటూరు. సేద్యం చేసుకునే కుటుంబం. రాజమండ్రిలో అచ్చయ్యే ఒక వారపత్రిక కాలువ పడవలో మండపేట దాకా వచ్చి, అక్కడి నుంచి టపా మనిషి చేతిలో మా ఇంటికి చేరేది. మా మామగారికి చూపు పోయి చాలా ఏళ్ళయినా పత్రిక మాత్రం మానలేదు. మా ఆయన చదివి వినిపించేవారు. ఆయనకు ధాన్యం పడవల వెంట కాకినాడ తిరగడం ఎక్కువయ్యాక ఆ పని నా మీద పడింది. మా అన్నయ్య బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇంటికొచ్చి నాకు నేర్పాడు. నా చదువంతా అదే.

కోడలు మామగారి ఎదుట నిలబడే రోజులు కావవి. ఆయన వసారాలో కుర్చీలో కూర్చునేవారు. నేను గది తలుపు వెనక నిలబడి చదివేదాన్ని. ఆయన వింటూ మధ్య మధ్య "ఊఁ" అనేవారు. మొదటి నెలల్లో మా ఇద్దరి మధ్య మాటంటే ఆ "ఊఁ" ఒక్కటే.

మమ్మల్ని మాట్లాడించింది అక్షర చదరం.

పత్రిక చివరి పేజీలో దాన్ని వేసేవారు. దొరల పత్రికల్లో చూసి సంపాదకుడు మొదలుపెట్టాడని చెప్పుకునేవారు. గళ్ళు గీసి, వాటిలో కొన్ని నల్లగా పులిమి, మిగతా వాటిలో అడ్డంగానూ నిలువుగానూ మాటలు నింపమనేవారు. గడికి ఒక్క అక్షరం. వారానికో విషయం ఉండేది. ఒక వారం పెళ్ళి, ఒక వారం వంట, ఒక వారం నగలు. మాటలన్నీ ఆ వారం విషయానికి చెందినవే. ఆధారాలు పొడుపు కథల్లా ఉండేవి. బహుమతి ఏమీ లేదు. ముందుగా సరైన జవాబు పంపినవారి పేరు అచ్చు వేసేవారు, అంతే. ఆ అచ్చు కోసం రాజమండ్రిలో ప్లీడర్లూ, కచేరీ గుమస్తాలూ, బడి మేష్టర్లూ కొట్టుకు చచ్చేవారు. పెద్ద పండితులు మాత్రం పిల్లలాట అని దాని వంక చూసేవారు కాదు.

మామగారు చెవితో ఆడేవారు. నేను ఆధారం చదివితే ఆయన మాట చెప్పేవారు, లేదంటే నేను చెబితే ఆయన కొట్టిపారేసేవారు. గళ్ళు లెక్క చూసే పని నాది. కాగితం పాడు చేయడం అత్తగారికి ఇష్టం ఉండదు. అందుకని పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసి, దాని పక్కనే చదరం గీసి, అక్షరాలు కూడా ముగ్గుతోనే పెట్టేదాన్ని. చుక్కల ముగ్గులు వేసే చేతికి గళ్ళు గీయడం ఏం కష్టం! వీధిన పోయేవాళ్ళు ఇదేం కొత్త ముగ్గని ఆగి చూసేవారు.

అత్తగారికి కోపం అక్కడే మొదలైంది. "మావగారితో కోడలు పొద్దస్తమానం ఆ ముచ్చట్లేంటని అడుగుతున్నారు జనం. ఏం చెప్పమంటారు నన్ను?" అని మామగారిని నిలదీశారు. ఆవిడది చెడ్డ మనసు కాదు, నలుగురి నోళ్ళకు భయపడే మనసు.

ఇంతలో ఆ వారం పత్రిక వచ్చింది. విషయం సేద్యం. చదరం కింద ఒక కొత్త నియమం వేశారు: ఒకసారి వాడిన అక్షరం చదరంలో మళ్ళీ రాకూడదు. క ఉంటే కు ఉండవచ్చు గానీ, రెండో క ఉండకూడదు.

సేద్యం అనేసరికి మామగారికి పూనకం వచ్చినంత పనైంది. "కోతలయ్యాక చల్లేది, పశువులకు పండగ, పేరులో మాత్రం పిల్లి" అని నేను పూర్తిగా చదవకుండానే "పిల్లిపెసర!" అని కుర్చీ చెయ్యి మీద చరిచారు. అలా ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. చివరికి నడిమి గడి ఒక్కటి మిగిలింది.

ఆ గడి గుండా రెండు మాటలు పోతాయి. అడ్డంగా, కాలువ నీరు ఎక్కలేని నేల. నిలువుగా, ఎడ్లు తిరిగితే ఏడ్చేది, దాని కన్నీరు తీపి. మొదటిది మెరక, రెండోది చెరకు. మూడేళ్ళ పిల్లాడు కూడా చెబుతాడు. రెండింటికీ నడుమ అక్షరం ర. కానీ ర అప్పటికే పిల్లిపెసర చివర కూర్చుని ఉంది. రెండోసారి రాకూడదు.

వేరే మాటలు వెతికాం. మిట్ట అన్నాం, గట్టు అన్నాం. ఏదీ కుదరలేదు. మామగారు అన్నం సగంలో వదిలేసి లేచారు.

ఆ రోజే మా ఆడపడుచు భర్త, రాజమండ్రిలో ప్లీడరుగారు, పని మీద మా ఊరు వచ్చి రాత్రికి మా ఇంట్లోనే దిగారు. ఆయనా ఈ చదరాల పిచ్చివారే. మా అవస్థ విని నవ్వారు.

"మావయ్యగారూ, ఇది తప్పు చదరమండి. మా బార్లో ప్లీడర్లందరం కలిసి తేల్చేశాం. ఆ సంపాదకుడికి ర ఎక్కడుందో గుర్తు లేక నియమం పెట్టేశాడు. ఇలాంటి పత్రిక తెప్పించుకోవడం కూడా దండగండి."

అత్తగారికి అంతకన్నా ఏం కావాలి! "అల్లుడుగారే చెప్పారుగా. ఇది తెగిందా సరే, పత్రికా ఉంటుంది, రత్నం చదువూ ఉంటుంది. తెగలేదా, రేపటితో రెండూ బంద్" అన్నారు. రత్నం అంటే నేనే. జవాబులు తీసుకునే ఆఖరి టపా మర్నాడే. మామగారు పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. చూపు లేని మనిషికి వారం పొడుగునా ఉన్న ఒక్క సంతోషం అది. నాకూ అంతే. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదని ఒప్పుకుంటాను.

పొద్దున్నే లేచి కళ్ళాపి చల్లాను. ముగ్గు వేశాను. ఆశ చావక చదరం మళ్ళీ గీశాను. ఈసారి కోపం మీదున్నానేమో, గళ్ళు పెద్దవి పడ్డాయి. నడిమి నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ అన్ని అక్షరాలూ పెట్టి, నడిగడి ఖాళీగా వదిలి, పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళాను.

బిందె నింపుకుని వచ్చి చూస్తే నడిగడిలో అక్షరం ఉంది.

ముందు ఒళ్ళు మండింది. ఎవరో ర రాసి నన్ను ఎగతాళి చేశారనుకున్నాను. అది చేతిరాత ర కూడా కాదు. అచ్చు పుస్తకాల్లో అక్కడక్కడ కనిపించే ఇంకో రకం ర. దాన్ని నేను ఎప్పుడూ రాసి ఎరగను. ర కే అచ్చులో వేసే వేషం అనుకుని చదువుకుపోయేదాన్ని. చెరిపేద్దామని ముందుకు వంగాను. చెయ్యి అందలేదు. కాలు లోపల పెడితే తప్ప నడిగడి అందదు. అప్పుడు కనిపించింది నాకు. కళ్ళాపి తడి ఇంకా ఆరలేదు. నేను వెనక్కి జరిగిన అడుగులు తప్ప లోపల ఇంకో అడుగు ఒక్కటీ లేదు. నావి తప్ప చుట్టూ కూడా ఎవరివీ లేవు.

బిందె అక్కడే దించేసి తలుపు వెనక్కి పరిగెత్తాను. "మావయ్యగారూ, వాకిట్లోకి ఎవరైనా వచ్చారాండీ?" అన్నాను. కుక్క వాకిట్లో అడుగు పెడితే ఏ ఇంటి కుక్కో చెప్పగల చెవులు ఆయనవి. "ఎవరూ రాలేదమ్మా. నువ్వెళ్ళాక గాలి కూడా కదల్లేదు" అన్నారు.

నేను సంగతి చెప్పాను. "ర ఉందండి. కానీ అచ్చులో వేసే ర లాగా ఉందండి."

"అచ్చులో ర ఎలా ఉంటుందే?" అన్నారు. ఆయన నన్ను "ఏమే" అన్నట్టు పిలవడం అదే మొదలు.

"రెండు గుండ్రాలండి, బండి చక్రాల్లాగ. మధ్యలోంచి ఇరుసులాగ గీత."

మామగారు కుర్చీలోంచి లేచిపోయారు. నుదురు కొట్టుకున్నారు. "బండి ర! ఓసి పిచ్చిదానా, అది బండి ర! బండి ర!" అని కేకలు.

పశువుల కొట్టంలో పాలు పితికిస్తున్న అత్తగారు ఆ కేకలు విని, ఆయన బండి కావాలంటున్నారనుకుని, పాలేరుని బండి కట్టమని తరిమారు. ఇంట్లో ఎవరికి ఏమైందోనని ఆవిడ భయం. ఎడ్లను కట్టి బండి వాకిట్లోకి తెచ్చేదాకా ఎవరూ ఎవరి మాటా వినలేదు.

అప్పుడు మామగారు చెప్పారు. మామూలు ర వేరు, ఈ ఱ వేరు. పలకడంలో తేడా పోయింది గానీ అక్షరాలు రెండు. మెఱక, చెఱకు రెండూ దానితోనే రాయాలి. పెసరకు మామూలు ర. "చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిని మరీ నేర్చుకున్నాను. కళ్ళు పోయాక అక్షరం మొహమే మర్చిపోయాను. చెవికి రెండూ ఒకటేగా!" అన్నారు. ఆయన ఏడుస్తూ నవ్వుతున్నారు. నేనూ అంతే.

ప్లీడరుగారు వచ్చి చదరం చుట్టూ తిరిగి చూశారు. ఆయనే రాశారేమో అని మీరనుకోవచ్చు. నేను నూతి దగ్గర ఉన్నంతసేపూ ఆయన అక్కడే వేపపుల్ల నములుతూ నాకు ఓటమి గురించి ఉపదేశం చేస్తున్నారు. అత్తగారూ పాలేరూ కొట్టంలో ఉన్నారు. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. మా ఆయన కాకినాడలో. వీధి వైపు కంచె తడిక గడియ వేసినది వేసినట్టే ఉంది. కోర్టులో సాక్షుల్ని అడిగినట్టు ప్లీడరుగారు ఒక్కొక్కరినీ అడిగారు. చివరికి ఏమీ తేలక తల గోక్కున్నారు.

ఇంకొకటి ఉంది. పొద్దెక్కాక అత్తగారు కనిపెట్టారు. నేను వాడింది ముగ్గురాయి దంచిన పొడి. దానికి చీమలు పట్టవు. చదరమంతా అలాగే ఉంది. నడిగడిలో అక్షరానికి మాత్రం చీమలు బారులు కట్టాయి. అది బియ్యప్పిండి. మా ఇంట్లో అప్పుడు చిటికెడు పిండి లేదు. అత్తగారు దాన్ని చూసి లోపలికి వెళ్ళి దీపం పెట్టారు.

బండి ఎలాగూ కట్టి ఉంది. జవాబు కాగితం మీద రాశాను. ఆ అక్షరం రాయడం చేతకాక వాకిట్లోకి వెళ్ళి చూసి, వచ్చి రాశాను. కింద ఎవరి పేరు పెట్టాలని అడిగితే మామగారు "నీ పేరే" అన్నారు. పాలేరు బండి తోలుకుని మండపేట టపాలో వేసి వచ్చాడు.

తర్వాతి పత్రిక టపాలో రాలేదు. ప్లీడరుగారే రాజమండ్రి నుంచి పడవెక్కి దాన్ని చేత్తో పట్టుకొచ్చారు. వసారాలో నిలబడి, గొంతు సవరించుకుని, కోర్టులో తీర్పు చదివినట్టు చదివారు. ర, ఱ ఒకటి కావని చాలామంది మరిచారని సంపాదకుడు దెప్పాడు. సరైన జవాబు ఒక్కటే వచ్చిందన్నాడు. పంపినవారు రత్నమ్మ గారు అని రాశాడు.

"గారా?" అన్నారు అత్తగారు. "మన రత్నాన్నా?"

"అవునండి అత్తయ్యగారూ. అచ్చులో ఉందండి" అన్నారు ప్లీడరుగారు. తర్వాత తలుపు వైపు తిరిగి, "చెల్లెమ్మా, మా బారంతా కలిసి ఓడిపోయామమ్మా నీ చేతిలో" అన్నారు.

అత్తగారు ఆ పేరు ఎక్కడుందో చూపించమన్నారు. చదవలేకపోయినా దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచారు. తర్వాత నన్ను వసారాలోకి రమ్మని కేకేసి, అందరి ఎదుట పీట వేసి కూర్చోబెట్టారు. సాయంత్రానికి వీధి వీధంతా ఆవిడ నోటే వింది, మా కోడలి పేరు అచ్చులో పడిందని, అదీ గారుతో పడిందని. జనం ఏమంటారన్న మాట ఆవిడ నోట మళ్ళీ రాలేదు. నాకైతే గాల్లో నడిచినట్టుంది. అంత సంతోషం పిల్లలు పుట్టినప్పుడే మళ్ళీ ఎరుగుదును.

ఒకసారి మామగారిని అడిగాను, ఎవరు రాసి ఉంటారండీ అని. "ఎవరైతే ఏంటమ్మా, మనవైపు మనిషే" అన్నారు. అంతకుమించి ఆయనకూ తెలియదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ పత్రిక ఆగిపోయేదాకా మేమిద్దరం ఎన్నో చదరాలు పూర్తిచేశాం, ఎన్నోసార్లు నా పేరు పడింది. వాటిలో ప్రతి గడీ నా చేత్తో నింపిందే. నా పేరు పక్కన మొదటిసారి గారు తెచ్చిపెట్టిన ఆ ఒక్క గడి మాత్రం నేను నింపలేదు. ఎవరు నింపారో ఈ రోజుకీ నాకు తెలియదు.