ఏ ఊరి పిల్ల

షమా ఏం పని చేస్తుందో అనంతపురంలో ఆమె వీధివాళ్లకు ఎవరికీ సరిగ్గా తెలియదు. పొద్దున ఇంటిపని కాగానే మేడమీది గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. లోపలినుంచి అరబ్బీ మాటలు వినిపిస్తాయి. ఖురాన్ చదువుకుంటోందనుకుని పక్కింటి యశోదమ్మ గొంతు తగ్గించి మాట్లాడేది. బంధువుల దగ్గర ఆ మర్యాద కూడా లేదు. మొగుడు సర్ఫరాజ్ ఎండలో పడి కూలర్లు బాగుచేస్తుంటే, పెళ్లాం ఫోను చూసుకుంటూ కూర్చుంటుందని వాళ్ల బాధ.

నిజానికి ఆమెది వార్తల పని. తండ్రి గల్ఫ్‌లోని ఒక దేశంలో డ్రైవరుగా ఉండటంవల్ల పదో తరగతి దాకా అక్కడే చదివింది. అక్కడి వీధుల్లో మాట్లాడే అరబ్బీ ఆమెకు నీళ్లు తాగినంత సులువు. ఆ దేశం బయటి విలేకరులను లోపలికి రానివ్వదు, లోపలివాళ్లను నోరెత్తనివ్వదు. దాని పేరు ఇక్కడ రాయను. ఒకరు నోరు జారినందుకు జరిగింది చాలు. లండన్‌లోని ఒక చిన్న వార్తాసంస్థ షమాలాంటి వాళ్లచేత బయటినుంచే ఆ దేశపు పత్రికలు చదివించి, వీడియోలు సరిచూపించి, అక్కడి కూలీలతో మాట్లాడించి వార్తలు రాస్తుంది. గోడమీద నీడను బట్టి, దుకాణం బోర్డును బట్టి అది ఏ వీధో తేల్చడం షమా పని. మాట చెప్పిన మనిషి ఆనవాలు బయటపడకుండా చూడటం అంతకన్నా పెద్ద పని. ఆ సంగతులు ఇంట్లో కూడా ఎత్తకూడదని ఎడిటరు మొదటిరోజే చెప్పాడు. సర్ఫరాజ్ ఎప్పుడూ అడగలేదు కూడా. కూలర్ల కాలంలో అతనికి అన్నం తినడానికే తీరిక ఉండదు, పాపం.

ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుకునే భద్రమ్మకు హేమావతి ఒక్కతే కూతురు. వానలు మొహం చాటేసి శెనక్కాయ పంట వరసగా ఎండిపోతే, ఒక ఏజెంటు మాట నమ్మి ఆ దేశానికి ఇంటిపనికి పోయింది. ఆ ఇంట్లో కొడుతున్నారని బయటికి వస్తే, పనికి కుదిర్చిన ఆఫీసువాళ్లు ఆమెను ఒక గదిలో పెట్టి తాళం వేశారు. అప్పటికే ఆ గదినిండా అలాంటి ఆడవాళ్లే. కూతురి కోసం భద్రమ్మ ఆఫీసుల చుట్టూ తిరుగుతోందని విని, షమా బస్సెక్కి ఆమె ఊరికి పోయింది. లోపల ఏం జరుగుతుందో లోకానికి చూపిస్తే కదలిక వస్తుందని చెప్పింది.

"నీ బిడ్డ పేరు బయటికి రాదు పెద్దమ్మా. దానికి నాది పూచీ."

"నాకు సదువు రాదు తల్లీ. నీ మాట నమ్ముకుంటాండా," అంది భద్రమ్మ.

హేమావతి దాచుకున్న ఫోనుతో ఆ గదిని వీడియో తీసి షమాకు పంపింది. షమా పని ఎంత శ్రద్ధగా చేసిందంటే, ముఖాలు మసక చేసింది, గొంతు మార్పించింది, కిటికీలోంచి కనిపించే నీళ్లట్యాంకును కూడా చెరిపించింది. వార్త వచ్చింది. పెద్ద పెద్ద పత్రికలు దాన్ని ఎత్తుకుని మళ్లీ వేశాయి. వీడియో తీసింది ఎవరో ఆ ఆఫీసువాళ్లు ఎంత తన్నుకున్నా కనిపెట్టలేకపోయారు.

ఆ వారమే బంధువుల ఇంట్లో పెళ్లి. భోజనాలయ్యాక ఆడవాళ్లందరూ చాపమీద కూర్చుని ఆకువక్క వేసుకుంటున్నారు. షమా పినతల్లి నూర్జాన్ నోరు మంచిది కాదు.

"ఏమే షమా, ఇంగా ఆ ఫోను రుద్దుతానే ఉండావా? మొగుడు సంపాదిస్తాంటే నీకేం, రాణీవి," అంది.

అందరూ నవ్వారు. రోజూ పడేమాటే. ఆరోజు మాత్రం షమాకు ఒళ్లు మండింది. ఫోను తీసి ఆ వార్త చూపించింది. "ఇది నేను చేసిన పని ఖాలా. లోకమంతా చూసింది," అంది. నవ్వులు ఆగిపోయాయి. ఫోను చేతులు మారుతుంటే, పెద్దావిడలు కళ్లద్దాలు సవరించుకుని చూస్తుంటే, ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఇన్నేళ్లలో బంధువులు ఆమె వైపు అట్లా చూడటం అదే మొదలు.

మన సీమలో ఎవరి సంగతి చెప్పినా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది. మనిషి బతికాడా చచ్చాడా అన్నది తర్వాత, ముందు ఊరు తెలియాలి.

"ఈ వీడియో తీసింది ఏ ఊరి పిల్లమ్మే?" అంది నూర్జాన్.

"ఊరు చెప్పగూడదు ఖాలా. మన ముదిగుబ్బ దిక్కే అనుకో," అంది షమా.

పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు కదా అని ఆమె ధీమా. ఎన్ని గోడల నీడలు కొలిస్తే ఏం లాభం, తను పుట్టిపెరిగిన జనం సంగతి మరిచిపోయింది. ముదిగుబ్బ దిక్కునుంచి ఆ దేశానికి ఎవరెవరు పోయారో, ఎవరు పంపారో, ఎవరి ఇంటి గొర్రెలు ఎన్ని అమ్మి పోయారో ఆ చాపమీద నోటికి వచ్చు. ఆకు నమిలి ఉమ్మేలోపల లెక్క తేలిపోయింది. హేమావతిని పంపిన ఏజెంటు చెల్లెలు ఆ చాపమీదే, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంతా విని లేచి వెళ్లిపోయింది.

మరునాడు నూర్జాన్ ఫోను చేసింది. "ఏమే, ఆ ఏజెంటు నీమీద మండిపడతాండాడంట. ఆ పిల్ల భద్రమ్మ కూతురేనంట గదా. ముందే చెప్పింటే మేము నోరు మూసుకునుందుము." షమా వెంటనే హేమావతికి ఫోను చేసింది, పలకలేదు. హేమావతికి పంపిన మెసేజ్‌లు ఇక చేరలేదు.

లండన్ ఎడిటరు కంగారుగా మాట్లాడాడు. "మనవైపునుంచి ఏమైనా బయటపడిందా? ఆమె ఎవరో వాళ్లకు తెలిసిపోయి ఉంటే ఇక దాచి లాభం లేదు. పేరుపెట్టి రాద్దాం, భారత రాయబార కార్యాలయాన్ని నిలదీద్దాం. తెలియకపోతే మాత్రం మనం పేరెత్తడమే ఆమెకు ముప్పు. నువ్వే చెప్పాలి."

షమా చెప్పవలసింది ఒక్క ముక్క. పెళ్లిలో గొప్పలు చెప్పుకున్నానని ఎట్లా చెప్పడం? గోడల నీడలు కొలిచే మనిషి, ఆకువక్క దగ్గర జారిపోయానని ఏ నోటితో చెప్పడం? సిగ్గు ఆమె నోరు నొక్కేసింది.

"మనవైపునుంచి ఏమీ లేదు సార్," అంది.

ఆ మాటతో లండన్ మౌనంగా ఉండిపోయింది. హేమావతి మంచి కోసమేనని ఉండిపోయింది. రోజులు గడిచిపోతుంటే షమా పొద్దున్నే గదిలోకి పోయి, చీకటిపడే దాకా ఆ చేరని మెసేజ్‌లనే చూసుకుంటూ కూర్చునేది. తన ముఖం తనకే చూడబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం భద్రమ్మ వచ్చింది. బస్సు దిగి అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. కొంగులో మూటగట్టిన వేయించిన శెనక్కాయలు షమా ముందు పెట్టింది.

"బిడ్డ ఫోను పలకడంల్యా తల్లీ. నువ్వేదో ఒకటి చేస్తాంటావులే అని ధైర్యంగుండా. దానికి నీకంటే యెవరుండారు?"

ఆ శెనక్కాయలు చూసి షమా ఏడ్చేసింది. పెళ్లి, పినతల్లి, ఏజెంటు చెల్లెలు, లండన్‌కు చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పేసింది. భద్రమ్మ కొట్టలేదు, తిట్టలేదు.

"నిజం చెప్తే ఆ దొర నా బిడ్డను ఇడిపిస్తాడా?"

"గట్టిగా అడుగుతారు పెద్దమ్మా. అప్పుడైతే ఆశ ఉండాది."

"అయితే ఇన్నాళ్లూ యాల చెప్పల్యా?"

షమా భద్రమ్మ ఎదురుగానే ఫోను తీసి ఎడిటరుకు జరిగినదంతా చెప్పింది. అతను హేమావతి ఫొటో పంపమన్నాడు. ఆ సాయంత్రానికే హేమావతి పేరు, ఫొటో అన్నిచోట్లా వచ్చాయి. రాయబార కార్యాలయం కదిలింది. వారం తిరగకముందే ఆమెను ఆ గదిలోంచి బయటికి తెచ్చి తమ శిబిరంలో పెట్టారు. షమాను పనిలో ఉంచారు గానీ, మనుషులతో మాట్లాడే పని తీసేసి పత్రికలు చదివే పని మాత్రమే మిగిల్చారు. న్యాయమే అనుకుంది.

భద్రమ్మ ఫోను చేసి, "నువ్వు చేసింది నేను దానికి చెప్పల్యా. చెప్పనుగూడా. నువ్వే చెప్పాల," అంది.

హేమావతి శిబిరంనుంచి మాట్లాడినప్పుడు గొంతు తేలిగ్గా ఉంది. వచ్చేవారం విమానమట. "నీ పున్నెం అక్కా," అని మొదలుపెట్టింది. "నన్ను పట్టిచ్చింది ఎవరో తెలుసునా? నా పక్కన పండుకునే పిల్ల. వీడియో తీసేది చూసింది అదొక్కటే. వాళ్లొచ్చి ఫోను పెరుక్కున్న పొద్దు దాన్ని జుట్టు పట్టుకుని కొట్టినా."

షమా ఉన్నమాట చెప్పేసింది. "ఆ పిల్ల కాదు హేమా. నేను. పెళ్లిలో నేను చెప్పుకున్నా."



"ఆ పిల్ల ఇంగా ఆ గదిలోనే ఉండాదక్కా," అంది హేమావతి. "దాంతో ఎవరూ మాట్లాడొద్దని అందరికీ నేనే చెప్పొచ్చినా."