చిలక కొరికిన జామకాయ

రోత అనే మాటకు నాకు ఇప్పటికీ ఒక వాసన ఉంది. బాగా మగ్గి, ఒక పక్క చిలక చీల్చిన జామకాయ వాసన. ఎవరైనా సంచిలోంచి జామకాయలు తీస్తే నేను లేచి పక్క గదిలోకి పోతాను.

రెండు వేల పదకొండులో మేము శంషాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయనకు ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే డ్యూటీ, పొద్దున పోతే సాయంత్రం దాకా రాడు. మా పాపకు నాలుగో ఏడు నడుస్తోంది, ఒక్క మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. గిన్నె మూతను నేల మీద గిర్రున తిప్పి, అది ఆగేదాకా చూసి, మళ్ళీ తిప్పేది. నెత్తి మీద నుంచి విమానం పోతే లెక్కచేయదు గాని, మిక్సీ వేస్తే చెవులు మూసుకుని తల గోడకు కొట్టుకునేది. తిండి అంటే తెల్లన్నమే. పప్పు చుక్క పడ్డా పళ్ళెం తోసేసేది.

మందు మాత్రం అందరికీ తెలుసు. విమానాల చప్పుడుకు జడుసుకుందని ఒకరు, వస సరిగ్గా పోయలేదని ఒకరు. మా అత్తమ్మ పక్క ఊరు మంఖాల్ నుంచి వస కొమ్ము తెచ్చి, అరగదీసి నాలుకకు రాసింది కూడా. "మీ ఆయన గూడ అయిదేండ్లకు మాట్లాడిండు. ఊకె పరేషాన్ గాకు" అనేది. వినీ వినీ నాకు ప్రాణం విసిగింది.

చెవుల పరీక్ష చేయిస్తే చెవులు బాగున్నాయన్నారు. తర్వాత సిటీలో ఒక పిల్లల డాక్టరమ్మ, పాపతో చాలాసేపు నేల మీద కూర్చుని ఆడి, ఆటిజం అని చెప్పింది. ఇది జడుపు కాదు, పెంపకంలో తప్పూ కాదు, పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరు అంది. మనకు మామూలుగా తోచే రుచి, చప్పుడు, తాకిడి ఈ పిల్లకు భరించరానివి కావచ్చట. ఒక పని ఒకసారి ఒక పద్ధతిలో జరిగితే ప్రతిసారీ అట్లాగే జరగాలనుకోవచ్చట. మాటలు వచ్చినా, ముందు విన్నవి విన్నట్టే తిరిగి అనొచ్చట. "బలవంతంగా మాత్రం ఏదీ పెట్టకండి. చెయ్యంటే భయం పట్టుకుందా, ఈ కాస్త తిండీ మానేస్తుంది" అని మరీ మరీ చెప్పింది. అప్పటికే పాప నా చేతి ముద్ద తప్ప ఎవరిదీ ముట్టదు. ఎముకలు తేలి ఉండేది. నాకున్న ధైర్యమంతా ఆ ముద్దే.

ఇంటికొచ్చి అత్తమ్మకూ, చూసిపోదామని వచ్చిన ఆడబిడ్డకూ ఇదంతా చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా తల ఊపారు. మర్నాడు వీధిలో ట్యాంకర్ దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే ఇంట్లోంచి పాప కేక వినిపించింది.

పరుగెత్తాను. పాప నేల మీద వెల్లకిలా ఉంది. అత్తమ్మ దాని చేతులు పట్టుకుంది. ఆడబిడ్డ ఒక చేత్తో ముక్కు మూసి, ఊపిరి కోసం నోరు తెరవగానే రెండో చేతి వేలితో జామకాయ గుజ్జు లోపలికి కుక్కుతోంది. చిలక కొరికిన పండు తినిపిస్తే మాటలొస్తాయట. పొద్దున్నే ఎవరిదో జామతోటంతా వెతికి ఏరుకొచ్చిందట. పండుకు చీమలు పట్టి ఉన్నాయి. పాప కక్కుకుంది. కక్కినదాన్ని కొంగుతో తుడిచి, మిగిలిన ముక్క మళ్ళీ అందుకుంది ఆ మనిషి.

"అమ్మా, గట్టిగ పట్టు. ఇంకింతే ఉన్నది" అంటోంది వాళ్ళమ్మతో.

ఆమె చెయ్యి లాగిపారేసి పాపను ఎత్తుకున్నాను. "మీరు మనుషులేనా వదినా" అన్నాను. ఒంటికాలి మీద లేచింది. "నీ బిడ్డ మంచికే గద చేస్తున్న. డాక్టర్ చెప్తే ఇంటవు, ఇంటోళ్ళు చెప్తే ఇనవు ఏంది?" అంది. నా భుజం మీద పాప వణుకుతోంది. అప్పుడే నా చెవి పక్కన, అచ్చం మా వదిన గొంతులోని విరుపుతో, అంది: "అమ్మా, గట్టిగ పట్టు."

ఇక ఇల్లు పండగైంది. "ముందుగాల అమ్మనే పిలిచింది" అని అత్తమ్మ వాకిట్లో నిలబడి అందరికీ చెప్పింది. పక్కింటివాళ్ళు వచ్చారు. వదిన కొబ్బరికాయ కొట్టి, చక్కెర కలిపి పంచింది. డాక్టరమ్మ చెప్పింది ఇదేనని, విన్నది విన్నట్టు అంటోందని నేను చెప్తే, "సంబురపడుడు గూడ రాదా నీకు" అన్నారు. నా చేతిలో పెట్టిన కొబ్బరి మోరీ కాలువలో పడేశాను. ఆ నవ్వు మొహాలన్నీ చూస్తే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళు ఆ పిలుపు కోసం చెవులు రిక్కించినదాన్ని, అది విని చెవులు కడుక్కోవాలనిపించింది.

వచ్చినవాళ్ళు ఇంకా ముందుగదిలో ఉండగానే పాపకు అన్నం వేళైంది. తెల్లన్నం పెట్టుకుని వంటింట్లో దాని ఎదురుగా కూర్చున్నాను. ముద్ద చేసి చెయ్యి చాపాను.

పాప నా చేతిని చూసింది. మెల్లగా నేల మీద వెల్లకిలా పడుకుంది. "అమ్మా, గట్టిగ పట్టు" అని, తన ముక్కు తనే మూసుకుని, నోరు తెరిచింది.

గుమ్మంలోంచి వదిన "మల్ల మాట్లాడింది సూడు" అని నవ్వింది.

నేను ముద్ద పళ్ళెంలో పడేసి, పాప ముక్కు మీది వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను.