పచ్చజెండా కర్ర మీద గిటార్

1961 వర్షాకాలంలో నన్ను అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా వరంగల్ స్టేషన్‌కు బదిలీ చేశారు. మాది గుంటూరు జిల్లా. అప్పటికి పెళ్లి కాలేదు, ఈ ఊళ్లో బంధువులూ లేరు. కాశిబుగ్గలో సాంబయ్య అనే నేతపనివాడి ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. మా డ్యూటీ వారం వారం మారుతుంది. ఊరంతా అరుగుల మీద ముచ్చట్లాడుకునే వేళకు మనం నిద్రపోవాలి, ఊరు పడుకున్నాక మనం బండ్లు పంపాలి. అలాంటివాడికి స్నేహితులు ఎక్కణ్ణుంచి వస్తారు? కొన్ని నెలలపాటు బండ్ల సంగతి తప్ప ఎవరితోనూ ఇంకో మాట మాట్లాడిన గుర్తు లేదు. ఆ ఒంటరితనంతో నాకు తిండి కూడా సహించేది కాదు.

ఒకరోజు మెయిల్‌కు దారి ఇవ్వడం కోసం ఒక గూడ్సును పక్క లైనులో ఆపాను. దాని గార్డు రోజారియో గారు ఆఫీసులోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. కాజీపేట రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. మా ఊరి చర్చిలో హార్మోనియం వాయించేవాణ్ణి కాబట్టి ఏదో ఒక పాట కూనిరాగం తీయడం నాకు అలవాటు. ఆయన నాతోపాటు ఈల వేయడం మొదలుపెట్టారు. అయితే నా స్వరాలు కావవి. నా స్వరానికి కాస్త కింద, వేరే స్వరాలు. శ్రుతి తప్పారనుకుని ఆపేశాను. "ఆపకు బాబూ. నీ దారిన నువ్వు పో, నేను పక్కనే ఉంటా" అన్నారాయన. మళ్లీ మొదలుపెట్టాను. రెండు స్వరాలు ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. మెయిల్ వచ్చేదాకా నేను ఆపలేదు.

కాజీపేటలోని రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఉద్యోగుల క్లబ్బులో, అప్పట్లో శనివారం సాయంత్రాలు డ్యాన్సు జరిగేది. జాజ్ పాటలు వాయించే బ్యాండుకు రోజారియో గారే నాయకుడు, ఆయనది క్లారినెట్. గిటార్ వాయించే అబ్బాయి కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోగా అతని గిటార్ అక్కడే మిగిలింది. దాన్ని నా చేతికిచ్చి, నేర్చుకున్నాక శనివారం డ్యాన్సులో తన పక్కన కూర్చోమన్నారు. ఆ రోజు నుంచి వరంగల్‌లో నాకున్న ఆశ అదొక్కటే.

మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగితే దాన్ని కార్డ్ అంటారు. ఒక కార్డ్ నుంచి మరో కార్డ్‌కు నడిచే వరసే ప్రోగ్రెషన్. జాజ్‌లో మాటిమాటికీ వచ్చే వరస రెండు, ఐదు, ఒకటి. అంటే స్థాయిలో రెండో స్వరం మీద కట్టిన కార్డ్, తర్వాత పంచమం మీద కట్టినది, చివరికి షడ్జమం, అంటే సా మీద కట్టినది. హార్మోనియం వాయించినవాణ్ణి కదా, నేను ఐదో తీగను షడ్జమం చేసుకుని, శ్రుతి కోసం ప్రతి కార్డ్ కిందా దాన్ని మోగించేవాణ్ణి. పంచమం కార్డ్‌లో నిషాదం ఉంటుంది. దాని పక్కనే షడ్జమం మోగితే రెండూ కొట్టుకు చస్తాయి. కార్డే తప్పని నేను వాదించాను. రోజారియో గారు వాదించలేదు. జేబురుమాలు మడిచి, మోగకుండా ఆ తీగ కింద దూర్చారు. "నీ సా ఏడికి పోదు, ఫికర్ చెయ్యకు. జర దూరం అది లేకుండ నడువు" అన్నారు.

మిగతాది మా రైల్వే భాషలోనే చెప్పారు. స్టేషన్‌కు ముందు హోమ్ సిగ్నల్ ఉంటుంది. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా బండి అక్కడ నిలబడాలి. ఊరు కనిపిస్తూనే ఉంటుంది, దిగడానికి ఉండదు. ఐదో కార్డ్ అలాంటిదన్నారు. ఒకటో కార్డ్ ప్లాట్‌ఫారం.

రెండేళ్లు సాధన చేశాను. రిథమ్ గిటార్ పాట వాయించదు. పాట వేరేవాళ్లది. దాని కింద కార్డులు వేయడమే మన పని. గదిలో కార్డుల మీద కార్డులు వేస్తుంటే మగ్గం దగ్గర్నుంచి సాంబయ్య కేకేసేవాడు.

"మాస్టర్ సాబ్, పాట ఇంకెప్పుడు షురూ అయితది?"

పాట వాయించేది నేను కాదు, వేరేవాళ్లని చెప్పాను. "మరి ఆళ్లేరి?" అన్నాడు. నాకు ఒళ్లు మండి తలుపు వేసేసుకున్నాను.

ఈలోగా బ్యాండు పలచబడింది. పియానో ఆయన ఇంగ్లండ్ ఓడ ఎక్కాడు, డ్రమ్ముల ఆయనకు బదిలీ అయింది. చివరికి రోజారియో దంపతులకూ ఆస్ట్రేలియా కాగితాలు వచ్చాయి. వెళ్లేముందు ఒక్క డ్యాన్సు ఉంటుంది, ఈసారి నువ్వు కూర్చుంటున్నావని కబురు పెట్టారు. ఆ వారం నాది సాయంత్రం డ్యూటీ. తోటి అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌తో డ్యూటీ మార్పిడికి స్టేషన్ మాస్టర్ సంతకం కూడా అయింది. శనివారం మధ్యాహ్నం ఆ తోటి అసిస్టెంట్ చలిజ్వరంతో మంచం పట్టాడు. బదులు మనిషి వచ్చి చార్జి తీసుకోనిదే ఏ.ఎస్.ఎం. కుర్చీ వదలకూడదు. ఎవరూ దొరకలేదు. గిటార్ ఆఫీసు మూలన గవుసెనలోనే ఉండిపోయింది. పక్క స్టేషన్‌కు ఫోన్‌లో బండ్ల నంబర్లు చెబుతూ కూర్చున్నాను.

పై వారం వాళ్లు కాజీపేటలో మద్రాసు ఎక్స్‌ప్రెస్ ఎక్కి బయల్దేరారు. పొద్దుటి డ్యూటీలో ఉన్నాను. ముందొచ్చిన గూడ్సుకు ఇరుసు వేడెక్కి అది కదలకపోవడంతో ప్లాట్‌ఫారం లైను ఖాళీ కాలేదు. ఎక్స్‌ప్రెస్‌ను హోమ్ సిగ్నల్ దగ్గర నిలబెట్టక తప్పలేదు. లైను ఖాళీ అయ్యాక బండిని ప్లాట్‌ఫారం మీదికి తీసుకున్నాను. రోజారియో గారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఐదు మీద మస్తుసేపు నిలబెట్టినవ్ బాబూ" అన్నారు.

ఆ డ్యాన్సు కోసం మేము సాధన చేసిన పాటనే ఆయన ఈల వేయడం మొదలుపెట్టారు. నా చేతిలో చుట్టిన పచ్చజెండా ఉంది. ఎడమచేతి వేళ్లు వాటంతటవే ఆ కర్ర మీద కార్డులు పట్టాయి. ఆయన నా వేళ్లనే చూస్తున్నారు. ఒకచోట కనుబొమలు ముడిచారు, నేను వేలు సరిచేసుకున్నాను. పాట చివరికి వచ్చింది. రెండు, ఐదు. సరిగ్గా అప్పుడే గార్డు విజిల్ వేశాడు. బయల్దేరమని సిగ్నల్ వాలి ఉంది, ఇక బండిని ఆపే హక్కు నాకు లేదు. వేళ్లు వదిలి జెండా విప్పి చూపించాను. ఇంజను కూతలో ఆయన చివరి స్వరం నాకు వినపడలేదు.

ఆ సాయంత్రం సాంబయ్య ఎప్పటిలాగే అడిగాడు, పాట షురూ కాలేదా అని. ఇవాళ అయిందని చెప్పాను.

ఆ తర్వాత చాలా స్టేషన్లు మారాను. గిటార్ వదల్లేదు. ఆ వరసలు నేటికీ తడబాటు లేకుండా వస్తాయి. పైన పాట వాయించే మనిషి మళ్లీ దొరకలేదు. కార్డులు గదిలో ఒంటరిగా నేర్చుకోవచ్చు, వాయించడానికి మాత్రం రెండో మనిషి ఉండాలి. అందుకే ఇప్పుడు ఎవరైనా నా దగ్గరకు రిథమ్ గిటార్ నేర్చుకుంటామని వస్తే, తీగలు సవరించకముందే సాంబయ్య ప్రశ్న అడుగుతాను: పాట వాయించేవాళ్లేరి?