యాదమ్మ బొమ్మకు దండ

కూరగాయల యాదమ్మ బతికే ఉందని ఈ రోజు పదకొండు గంటలకు తేలింది. సీతాఫల్‌మండిలోని మా చిన్న కళాకేంద్రం గోడ మీద ఆమె నిలువెత్తు బొమ్మ గీశారు. రేపటి ప్రారంభోత్సవానికని దానికి బంతిపూల దండ వేశారు. అది చూసి ఎవరో ఫోన్ చేస్తే, బోయిన్‌పల్లిలో ఉండే ఆమె తమ్ముడు ఏడ్చుకుంటూ వచ్చాడు. వెనకే యాదమ్మా వచ్చింది.

"రెండు దినాలు జరమొచ్చి పంటే సంపేసిండ్రా? నా గిరాకంతా పక్క బండికి పోయింది."

"బొమ్మ మంచిగొచ్చిందనే దండేసినం అమ్మా," అన్నాడు చిత్రకారుడు.

"దండేసినంక బొమ్మ ఏడుంటది బిడ్డా, ఫోటో అయితది."

అతను నిచ్చెనెక్కి దండ తీసేశాడు. ఆమె పోయిందని వార్త రాసింది నేనే. ఇన్నేళ్ల రిపోర్టింగులో ఇంత ఇష్టంగా నేనెప్పుడూ సవరణ రాయలేదు.

రేపు పది గంటలకు రిబ్బన్ యాదమ్మే కత్తిరిస్తుంది. తర్వాత అక్కడే బండి పెడుతుంది. సంతాపం చెప్పినవాళ్లు సంచులు తెచ్చుకోండి.