కింది హాల్లో నా క్లాసు

మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ కాలుగాలిన పిల్లి అనేది. వారాసిగూడ ఇంట్లో అన్నం తింటూ కూడా లేచి తిరిగేదాన్ని. యూనివర్సిటీలో చరిత్ర చెప్పడానికి చేరాక కూడా ఒకచోట నిలబడి పాఠం చెప్పింది లేదు. కిటికీ దగ్గర మొదలుపెట్టిన వాక్యం తలుపు దగ్గర ముగిసేది. ఒకరోజు హబ్సిగూడ దగ్గర స్కూటీ మీద వెళ్తుంటే వెనక నుంచి ఆటో గుద్దింది. నడుము నుంచి కిందికి కదలిక పోయింది. తిరగాలన్న తపన మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు చక్రాల కుర్చీలో తిరుగుతున్నాను, అంతే తేడా.

ఏడాది సెలవు తర్వాత డ్యూటీలో చేరిన రోజు డిపార్ట్‌మెంటు మొత్తం గుమ్మం దాకా ఎదురొచ్చింది. మా హెడ్ మంచి మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డాయన. మా క్లాసులన్నీ మేడ మీద, లిఫ్టు లేదు. అందుకని నాకోసం కింద ఒక గది ఊడ్పించి, ఫ్యాను వేయించి, కొత్త బల్ల పెట్టించారు.

"మరి నా క్లాసులెవరు చెప్తున్నారు సార్?" అని అడిగాను.

"గెస్ట్ లెక్చరర్ని పెట్టామండీ. మీరెందుకు శ్రమ పడటం? వచ్చి హాయిగా కూర్చోండి. జీతం ఎక్కడికి పోతుంది?"

కూర్చున్నాను. ఆ మాటకొస్తే నేనెప్పుడూ కూర్చునే ఉంటాను కదా! పొద్దున్న పదింటికి నెత్తిమీద బెంచీలు జరిగిన చప్పుడయ్యేది. అది నా క్లాసు. బల్ల దగ్గర నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర నుంచి బల్ల దాకా చక్రాలు తిప్పుకుంటూ ఆ గంటంతా గడిపేదాన్ని. అటుగా పోయేవాళ్లు తొంగిచూసి, "ఏమన్నా కావాలా మేడమ్?" అని గొంతు తగ్గించి అడిగేవారు. ఆసుపత్రిలో మంచం పక్కన మాట్లాడే గొంతు అది. ఇదివరకు ప్రతి మీటింగులో నాతో వాదనకు దిగినవాళ్లు సైతం నేనేమన్నా అవునవుననేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఫిజియోథెరపీకి వెళ్లే రోజుల్లో ఒకామె పరిచయమైంది. నాకన్నా చిన్నది. పసితనంలోనే పోలియో వచ్చింది. కాలికి క్యాలిపర్ వేసుకుని, వికలాంగుల హక్కుల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటుంది. ఒక సాయంత్రం తార్నాకలో టిఫిన్ సెంటర్ బయట దోసె తింటూ ఆమె దగ్గర నా గోడంతా వెళ్లబోసుకున్నాను.

"జీతం ఆపిన్రా అక్కా?"

"లేదు."

"పోస్టు తగ్గించిన్రా?"

"లేదు. ఇంకా నయం, కొత్త బల్ల కూడా ఏయించిన్రు."

"గదే పరేషాన్. నౌకరీల ఉండంగ ఇట్లయితే తీసెయ్యొద్దని చట్టమున్నది. తీసేస్తే నేను కొట్లాడుత. నెత్తిన పెట్టుకొని పని ఇయ్యకపోతే ఏమని కొట్లాడాలె? నువ్వు పైకి పోలేవు, సరే. క్లాసు కిందికి రాలేదా? అడుగు. మెహర్బానీ కాదు అది, నీ హక్కు. అందరి మీద అరుస్తవ్, గిది అడగనీకి నోరు రాదేంది?"

కింద సెమినార్ హాలు ఉంది, ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. మర్నాడే వెళ్లి అడిగాను. హెడ్ నీళ్లు నమిలారు. "అది ఫంక్షన్లకండీ. పెద్దవాళ్లు వస్తుంటారు. చూద్దాం" అన్నారు. మళ్లీ అడిగాను. మళ్లీ చూద్దామన్నారు.

తీరా ఆ హాలు తెరిచింది నాకు సన్మానం చేయడానికి! మనవాళ్లకు ఏం చేయాలో తోచకపోతే శాలువా కప్పుతారు. నా ధైర్యాన్ని పొగుడుతూ బ్యానరు కట్టారు. విద్యార్థులందరినీ మేడ మీది నుంచి దించి వరసల్లో కూర్చోబెట్టారు. వేదిక మీద పూలదండ, బొకే, మైకు అన్నీ సిద్ధం. ఆ వేదిక ఎక్కడానికి మెట్లున్నాయన్న సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

నన్ను పిలవగానే ఇద్దరు అటెండర్లు, ఇద్దరు సహోద్యోగులు వచ్చి నా కుర్చీని నాలుగు వైపులా పట్టుకున్నారు. "ఎత్తేస్తం మేడమ్, ఏం గాదు, భయపడకుండ్రి." చక్రాలు నేలను వదిలాయి. పెళ్లికూతురిని గంపలో తెచ్చినట్టు నన్ను పైకి తీసుకుపోతున్నారు. ఫొటోల కోసం ఫోన్లు లేచాయి. భయం, సిగ్గు, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"దించండి!" అని అరిచాను.

దించేశారు. హెడ్ శాలువా పట్టుకుని వేదిక మీదే నిలబడిపోయారు.

"శాలువా తర్వాత కప్పుదురు గానీ సార్," అన్నాను. "పిల్లలు కిందికి వచ్చారు, ఏమీ కాలేదు. నా క్లాసు నాకివ్వండి. ఈ హాల్లోనే చెప్తాను." గొంతు వణికింది. అంతమంది ముందు వణికినందుకు మళ్లీ కోపం వచ్చింది.

ఆయన మెట్లు దిగి నా దగ్గరికి వచ్చారు. "మీకు ఇబ్బంది అవుతుందేమోనని, అంతేనండీ," అన్నారు మెల్లగా. నిజంగా అలాగే అనుకున్నారాయన.

"ఇబ్బంది పడనివ్వండి సార్."

వరసల్లో కూర్చున్న పిల్లల వైపు చూసి, "సోమవారం నుంచి చెప్పండి," అన్నారు. అప్పుడు శాలువా కప్పించుకున్నాను.

సోమవారం పాఠం ఏమంత గొప్పగా సాగలేదు. కాసేపటికే ఆయాసం వచ్చింది. తిరుగుతూ చెప్పబోతే తివాచీలో చక్రం ఇరుక్కుంది. పిల్లలు కదలకుండా, దగ్గకుండా, గుళ్లో కూర్చున్నంత బుద్ధిగా కూర్చున్నారు. అది చూస్తే ఇంకా చిరాకేసింది. ఇంతలో చివరి వరసలో ఒకమ్మాయి బల్ల కింద ఫోన్ చూసుకుంటూ నవ్వుకోవడం కంటపడింది.

"ఏయ్, ఆ చివరమ్మాయీ! ఫోన్ లోపల పెట్టు. లేదంటే బయటికి నడువు!"

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఫోన్ సంచిలోకి విసిరేసి, పక్కనున్న స్నేహితురాలితో, "అబ్బ, షురూ చేసింది ఈమె!" అని గొణిగింది. గంట అయ్యేదాకా మూతి ముడుచుకుని నన్నే కొరకొరా చూస్తూ కూర్చుంది.

నేను బోర్డు వైపు తిరిగిపోయాను. కళ్లలో నీళ్లు పిల్లలకు కనిపించకూడదు కదా. ఏడాది తర్వాత, మొదటిసారి, నా మీద ఒకరికి కోపం వచ్చింది.